ఊరు కలిసినా పేరు నిలుస్తుందా? కవల్లాస్కా విలీనం చెప్పే పాఠం

(ప్రసంగ పాఠం)



ఒక ఊరు పొరుగూరిలో కలిసినప్పుడు ఏది పోతుంది, ఏది మిగులుతుంది? ఈ ప్రశ్నకు ఇటలీలోని కవల్లాస్కా మంచి నిదర్శనం. లొంబార్డీ ప్రాంతంలో, కోమో నగరానికి చేరువలో, స్విట్జర్లాండ్ సరిహద్దు దగ్గర ఉన్న చిన్న ఊరది. 2017 జనవరి 1న అది పొరుగునున్న శాన్ ఫెర్మో దెల్లా బత్తాలియాలో విలీనమయింది. రెండూ కలిసినా జనాభా 10,000కు చేరదు.

ఇటలీలో పురపాలక సంస్థలు దాదాపు 7,900. వాటిలో అధికభాగం 5,000 జనాభాకు లోపువే. ఊరు ఎంత చిన్నదయినా జనన మరణాల నమోదు, పద్దులు, వీధులు, బడి భవనాలు చూసుకోక తప్పదు. ఆ భారం తగ్గాలనే ఉద్దేశంతో, కలిసిన సంస్థలకు ప్రభుత్వం ప్రత్యేక నిధులిస్తుంది.

అయితే విలీనం పైనుంచి వచ్చిపడే ఆజ్ఞ కారాదు. ఇటలీ రాజ్యాంగం 133వ అధికరణం ప్రకారం, సంబంధిత ప్రజల అభిప్రాయం విన్న తరువాతనే ప్రాంతీయ ప్రభుత్వం అందుకు చట్టం చేయాలి. 2014 నాటి 56వ చట్టం ప్రకారం, కలుపుకొన్న సంస్థ యథాతథంగా కొనసాగుతుంది. కలిసిన సంస్థ ఆస్తులూ అప్పులూ దానికే సంక్రమిస్తాయి. కలిసిన ఊరి మేయరు పదవి, పాలకసభ రద్దవుతాయి. సామాన్యునికి మేలు చేసే నిబంధన ఒకటి అందులోనే ఉంది: పత్రాలలోని పాత చిరునామా వాటి గడువు తీరేవరకు చెల్లుతుంది. విలీనం పేరిట ఎవరూ కార్యాలయాల చుట్టూ తిరగనవసరం లేదు.

ఇక పేరు. శాన్ ఫెర్మో పురపాలక సంస్థకు పూర్వనామం వెర్గోజా. 1859 మే 27న గరిబాల్డీ సేనలు ఆస్ట్రియా సైన్యాన్ని అక్కడ ఓడించాయి. ఆ యుద్ధ స్మృతిగానే ఇప్పటి పేరు వచ్చింది. అంటే, కలుపుకొన్న ఊరు కూడా ఒకనాడు తన పేరు మార్చుకొన్నదే. కవల్లాస్కాలో ఇంబొనాటి వంశీయుల భవనం ఉంది. ఆ వంశానికి చెందిన కార్లో ఇంబొనాటి మరణంపై మహారచయిత మాంజోని 1806లో కావ్యం ప్రకటించాడు. అటువంటి జ్ఞాపకాలు ఏ విలీన చట్టంతోనూ రద్దుకావు.

పోయేది ప్రత్యేక పాలకసభ; అది చిన్న నష్టం కాదు. తమ వీధిదీపం గురించి అడగడానికి ఇంటిపక్కన ఉండే సభ్యుడు లేకపోతే, ఆ ఊరివారి గొంతు పెద్ద సభలో సన్నగిల్లుతుంది. అందువలన కలిసిన ఊరి పౌరులు ఓటును, సభలను, అర్జీలను మునుపటికంటె శ్రద్ధగా వినియోగించుకోవాలి. హద్దులను చట్టం మార్చగలదు. ఊరిని నిలిపేది పౌరుల పూనికే.