రేంజ్‌ఫైండర్ కెమేరాకు విశాలకోణపు లెన్సు

ఛాయాచిత్రములు తీయుటయందు అభిరుచి గల మిత్రులు తరచుగా మమ్ము అడుగు ప్రశ్న యొకటి కలదు. "డిజిటల్ రేంజ్‌ఫైండర్ కెమేరా నొకదానిని సంపాదించితిమి. దానికి 50 మిల్లీమీటర్ల లెన్సు ఉన్నది. ముఖములు చక్కగా వచ్చుచున్నవి గాని, ఇంటిలో పదిమంది కూడినచో పదిమందియు పట్టుట లేదు. విశాలకోణపు లెన్సులలో ఏది కొనవలెను?" అని. ఇట్లు అడుగువారిలో పలువురు సమాధానమును కూడ తామే నిర్ణయించుకొని యుందురు. ఎక్కువ పట్టునదే మంచిదని వారి తలంపు. మేమును ఒకప్పుడు అట్లే తలచి ఒక లెన్సును కొని, తిరిగి తెచ్చుకొనలేని దాని నొకదానిని పోగొట్టుకొంటిమి. ఆ సంగతి తరువాత మనవి చేసెదము. ఎంపికకు సంబంధించిన విషయములను ముందుగా వరుసగా చెప్పుకొందము.

ఈ జాతి కెమేరాలో మనము లెన్సులోనుండి చూడము. లెన్సునకు పైన, ప్రక్కగా నున్న వేరొక గాజు కిటికీలోనుండి చూచెదము. ఆ కిటికీ నడుమ వస్తువు రెండు బింబములుగా కనబడును. లెన్సును త్రిప్పగా ఆ రెండును కలిసి ఒక్కటైనపుడు దూరము కుదిరినదని గ్రహింపవలెను. జర్మనీలోని వెట్జ్‌లార్ పట్టణమున లైట్జ్ సంస్థలో పనిచేసిన ఆస్కార్ బర్నాక్ రూపొందించిన లైకా కెమేరా 1925లో లైప్‌జిగ్ ప్రదర్శనలో లోకమునకు పరిచయమైనది. రేంజ్‌ఫైండరు లోపలనే ఇమిడియున్న లైకా 1932లో వెలువడినది. 1954లో వచ్చిన ఎం 3 నమూనాతో లెన్సును బిగించు మూతికి ఒక కొలత ఏర్పడినది. ఆ కొలత నేటికిని మారలేదు. డిజిటల్ రేంజ్‌ఫైండర్లలో మొదటిది 2004లో జపానునందు తయారైన ఎప్సన్ ఆర్-డి 1. తరువాత 2006లో లైకా ఎం 8, 2009లో ఎం 9 వచ్చినవి. కావున డెబ్బది యేండ్ల నాటి లెన్సును సైతము నేటి కెమేరాకు తగిలింపవచ్చును. అయితే తగులుట వేరు, కుదురుట వేరు.

మొదట చూడవలసినది సెన్సరు కొలత. లెన్సుపై చెక్కియుండు 21, 28, 35 అను అంకెలు దాని నాభ్యంతరమును మిల్లీమీటర్లలో తెలుపును. అంకె తగ్గిన కొలది చూపు వెడల్పగును. ఎం 9 లో వలె 24 × 36 మి.మీ. గల పూర్తి సెన్సరుపై 35 మి.మీ. లెన్సు మూలనుండి మూలకు సుమారు 63 డిగ్రీల మేర చూచును. 28 సుమారు 75 డిగ్రీలు, 21 సుమారు 92 డిగ్రీలు చూచును. డిగ్రీలను మనస్సునకు తెచ్చుకొనుట కష్టము గనుక, ఇంటిలో టేపుతో కొలుచుకొన దగిన లెక్క నొకటి చెప్పెదము. మీరు నిలిచిన దూరమును సెన్సరు వెడల్పుతో హెచ్చించి, నాభ్యంతరముతో భాగింపుడు. చిత్రమున పట్టు వెడల్పు వచ్చును. ఏడు అడుగుల దూరమునుండి 28 మి.మీ. లెన్సు తొమ్మిది అడుగుల వెడల్పును పట్టును. అదే దూరమునుండి 21 మి.మీ. లెన్సు పన్నెండు అడుగులను పట్టును. 35 మి.మీ. అయినచో దూరమెంతయో వెడల్పును ఇంచుమించు అంతయే.

ఎం 8 లోని సెన్సరు వెడల్పు 27 మిల్లీమీటర్లు మాత్రమే. దానిపై 28 మి.మీ. లెన్సు పూర్తి సెన్సరుపై 37 మి.మీ. లెన్సు చూచునంత మాత్రమే చూచును. ఆర్-డి 1 లో సెన్సరు ఇంకను చిన్నది. అచ్చట 28 మి.మీ. లెన్సు 42 మి.మీ. లెన్సువలె ప్రవర్తించును. మిత్రుని చిత్రములు చూచి అతని లెన్సునే కొనువారు, అతని కెమేరా ఏదో కూడ అడిగి తెలిసికొనవలెను.

రెండవది వ్యూఫైండరు. లెన్సు చూచునది మనకు కనబడదు గనుక, ఏ లెన్సునకు ఎంత మేర పట్టునో వ్యూఫైండరులో వెలుగుగీతలు చూపును. ఎం 9 లో ఆ గీతలలో అన్నిటికన్న వెడల్పైనది 28 మి.మీ. లెన్సునకు ఏర్పడినది, ఎం 8 లో 24 మి.మీ. లెన్సునకు. అంతకు మించిన వెడల్పు కావలెనన్నచో కెమేరాపై వేరొక చిన్న వ్యూఫైండరును తగిలించుకొనవలెను. అపుడు ఒక కిటికీలో దూరము కుదుర్చుకొని, కంటిని ఇంకొక కిటికీకి మార్చవలసి వచ్చును. ఈలోపల నవ్విన బిడ్డ నవ్వు మానును. కళ్లజోడు గలవారికి 28 మి.మీ. గీతలు కూడ అంచులదాక ఒక్కసారిగా కనబడుట కష్టము. లావైన లెన్సు అయినచో వ్యూఫైండరులో క్రింది మూలను కొంత కప్పివేయును. 2012లో ప్రకటింపబడిన టైప్ 240 నమూనాలోను, 2017 నాటి ఎం 10, 2022 నాటి ఎం 11 నమూనాలలోను లెన్సు చూచునది వెనుకనున్న తెరపై కనబడును. ఎం 8, ఎం 9 లలో ఆ వసతి లేదు.

మూడవది వెలుగు పడు తీరు. ఫిల్ముపై వెలుగు ఏటవాలుగా పడినను పెద్ద బాధ లేదు. అందుచేత పూర్వపు రేంజ్‌ఫైండరు లెన్సులలో వెనుక గాజును ఫిల్మునకు బహు సమీపమున నిలిపెడివారు. లుడ్విగ్ బెర్టెలె 1950వ దశకములో రూపొందించిన 21 మి.మీ. బయోగాన్ అట్టిది. అది గీతలను వంచక తిన్నగా చూపుటలో ప్రసిద్ధి కెక్కినది. సెన్సరు స్వభావము వేరు. అది లక్షల కొలది చిన్న బావులను వరుసగా త్రవ్వినట్లుండును. మధ్యాహ్నపు ఎండ బావి అడుగుదాక పోవును. సాయంకాలపు ఎండ గోడమీదనే ఆగిపోవును. అట్లే, ఏటవాలుగా వచ్చిన వెలుగు సెన్సరు అంచులలో లోపలికి చేరక మూలలు చీకటి పడును. కొన్నిసార్లు ప్రక్క బావిలో పడి, తెల్లని గోడ అంచున ఊదా కలిసిన ఎరుపు ఛాయ కనబడును. జపానులో కొసీనా సంస్థ ఫోక్ట్‌లెండర్ పేరుతో 1999లో వెలువరించిన 15 మి.మీ. హీలియార్ ఫిల్ముపై చక్కగా పనిచేసి, ఎం 9 పై ఈ రంగును చూపినది. అదే సంస్థ 2015లో, సెన్సరుపై వెలుగు మరింత నిటారుగా పడునట్లు దానిని మార్చి మూడవ రూపమున తెచ్చినది. కావున పాత లెన్సును కొనువారు తమ కెమేరాపైననే బిగించి, తెల్లని గోడ నొకదానిని చిత్రించి, నాలుగు మూలలను పరిశీలించిన పిదపనే పైకము చెల్లింపవలెను.

ఎం 8 కెమేరా గలవారు ఇంకొక సంగతి తెలిసికొనవలెను. కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు ఆ సెన్సరును అధికముగా చేరుటచేత, కొన్ని నల్లని కృత్రిమపు బట్టలు ఊదారంగుగా వచ్చును. దానిని అడ్డుటకు లెన్సు ముందు ప్రత్యేకమైన ఫిల్టరును ఉంచవలెను. కాని విశాలకోణపు లెన్సుపై ఆ ఫిల్టరే మూలలలో నీలిపచ్చని ఛాయను కలిగించును. లెన్సు మూతిపై నలుపు తెలుపు గుర్తులు ఆరు ఉన్నచో, వానిని చదివి కెమేరా ఆ ఛాయను సరిదిద్దుకొనును. గుర్తులు లేని లెన్సు చౌకగా వచ్చినను, ఎం 8 గలవారికి అది చౌక కాకపోవచ్చును.

నాలుగవది లెన్సు రంధ్రము. ఎఫ్ 1.4 వరకు తెరచుకొను లెన్సులను చూచి పలువురు మోజుపడుదురు. అవి ఖరీదైనవి, బరువైనవి. వ్యూఫైండరునకు అడ్డు వచ్చునవి. దీపకాంతిలో తరచుగా తీయువారికి అవి అక్కరకు వచ్చును. పగటివెలుగులో తీయువారికి ఎఫ్ 2.8 చాలును. విశాలకోణమున కొక సౌలభ్యము కలదు. 28 మి.మీ. లెన్సును ఎఫ్ 8 కు మూసి, దూరమును సుమారు 11 అడుగుల వద్ద నిలిపినచో, పూర్వపు ఫిల్ము లెక్క ప్రకారము అయిదున్నర అడుగులనుండి దిగంతము వరకు అంతయు స్పష్టముగా వచ్చును. అప్పుడు రెండు బింబములను కలుపు పనియే లేదు. కనబడిన క్షణముననే మీట నొక్కవచ్చును. డిజిటల్ చిత్రమును బాగుగా పెంచి చూచు అలవాటు గలవారు రంధ్రమును ఇంకొక మెట్టు మూసికొనుట మంచిది.

ఇక అయిదవది, అంచులలో నిలుచు మనుష్యుల సంగతి. అంగడిలో దీనిని చెప్పువారు తక్కువ. గీతలను తిన్నగా ఉంచు లెన్సు ఏదైనను, చిత్రపు అంచున నున్న గుండ్రని వస్తువును బయటివైపునకు సాగదీయును. ఇది లెన్సులోని లోపము వలన కలుగునది కాదు. గోళమును ప్రక్కనుండి చదునైన గోడపై చిత్రించినచో అట్లే వచ్చును. పూర్తి సెన్సరుపై, ఎడమ కుడి అంచులలో, 35 మి.మీ. లెన్సు ముఖమును సుమారు ఎనిమిదవ వంతు సాగదీయును. 28 మి.మీ. లెన్సు సుమారు అయిదవ వంతు, 21 మి.మీ. లెన్సు దాదాపు మూడవ వంతు సాగదీయును. ఎనిమిదవ వంతును కన్ను క్షమించును. అయిదవ వంతును, కొంచెము లోపలికి జరిపి నిలిపినచో, సరిపెట్టుకొనవచ్చును. మూడవ వంతు సాగిన ముఖము వేరొకరి ముఖమగును.

మేము దీనిని పుస్తకములో చదివి నేర్చుకొనలేదు. కొన్ని సంవత్సరముల క్రిందట మా నాయనగారికి సహస్ర చంద్ర దర్శన శాంతి జరిగినది. బంధువు లందరును వచ్చిరి. మా ఇంటి ముందరి వసారా ఇరుకైనది. వెనుకకు పోవుటకు ఎనిమిది అడుగులకు మించి చోటు లేదు. అందరును పట్టవలెనని 21 మి.మీ. లెన్సును అంతకు ముందే కొని యుంచితిమి. దానిని ఎం 9 కు బిగించి, పైన చిన్న వ్యూఫైండరును తగిలించి, అందరును అందులో కనబడుచుండగా సంతోషించితిమి. ఆ చిన్న కిటికీలో ఎవరి ముఖమును సాగలేదు. సాగదీయునది లెన్సు, మేము చూచినది వేరొక గాజులో.

మా పెద్ద మేనత్తగారు కుడివైపు చివర నిలిచిరి. ఆమె ఎప్పుడును అంతియే. పిల్లలను, కోడండ్రను నడుమకు త్రోసి, తాను అంచునకు పోవును. "నాకేమిరా, నేను పడినను పడకున్నను ఒకటే" అనును. ఆ రోజునను అట్లే అని నిలిచినది. మేము మీట నొక్కితిమి. మరుసటి సంవత్సరము ఆమె కాలము చేసినది. గోడకు పటము కట్టింతమని పిల్లలు ఫోటో అడిగినపుడు వెదకి చూడగా, ఇటీవలి కాలమున ఆమెను తీసినది అదొక్కటియే. అందులో చెంప ప్రక్కకు సాగి, తల కోలగా వాలి, ఆమె నెరిగిన వారికి కూడ ఆమెవలె తోచలేదు. కంప్యూటరులో సరిదిద్ద బూనితిమి. ముఖము సరియైన కొలది వెనుకనున్న స్తంభము వంగినది. స్తంభమును వంగనిచ్చి, ముఖమును నిలుపుకొంటిమి. అయినను ఆమె కనులు తిన్నగా కుదరలేదు.

లెక్క తెలిసియున్నచో ఏమి చేసియుందుమో ఇప్పుడు స్పష్టముగా చెప్పగలము. 28 మి.మీ. లెన్సుతో ఎనిమిది అడుగులనుండి పది అడుగులకు పైగా వెడల్పు పట్టును. మనుష్యునికి అడుగున్నర చొప్పున వరుసకు ఆరుగురు, అంచులలో చోటు వదలి, సుఖముగా నిలుతురు. మూడు వరుసలు వేసియుండిన పదునెనమండుగురు పట్టెడివారు. పెద్దలను కుర్చీలలో నడుమ కూర్చుండబెట్టి, పిల్లలను క్రింద కూర్చుండబెట్టి, అంచులలో స్తంభమునో, తులసికోటనో ఉంచవలసినది. వాటి నెంత సాగదీసినను ఎవరును బాధపడరు.

కావున మా సలహా ఇది. పూర్తి సెన్సరు గల కెమేరాకు మొదటి విశాలకోణపు లెన్సుగా 28 మి.మీ. దానిని కొనుడు. దాని గీతలు కెమేరాలోనే ఉన్నవి. ఎం 8 కు 24 మి.మీ. తగును, అది అచ్చట 32 మి.మీ. లెన్సువలె చూచును, దాని గీతలును అందులోనే కలవు. 21 మి.మీ. లెన్సు గుడి గోపురములకు, ఇరుకు సందులకు, విశాలమైన ఆకాశమునకు మంచిది. రెండవ లెన్సుగా రానిండు. కొనుటకు ముందు టేపు తీసికొని, మీ ఇంటిలో పదిమంది కూర్చుండు గదిని కొలువుడు. వెనుకకు ఎన్ని అడుగుల చోటు కలదో, ఎంత వెడల్పు పట్టవలెనో కాగితముపై వ్రాసికొనుడు. ఆ లెక్కలో 28 చాలునని చాలమందికి తేలును.

ఇంకొక మాట మాత్రము లెక్కలో రాదు. మీట నొక్కుటకు ముందు ఒక్క నిమిషము ఆగి, అంచున నిలిచిన వారెవరో చూడుడు. తరచుగా వారు ఇతరులకు చోటిచ్చి తాము ప్రక్కకు పోయినవారే. వారిని చేయి పట్టుకొని నడుమకు తీసికొని రండు. వద్దందురు. అయినను తీసికొని రండు.