మాట వెళ్లని చోట మెసేజ్ ఎలా వెళ్లింది?

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2015 జూలైలో గోదావరి పుష్కరాలకు రాజమహేంద్రవరం వెళ్లాం. స్నానం చేసి మెట్లెక్కేసరికి జనంలో నా శ్రీమతి కనబడలేదు. ఆమె బి.పి. మాత్రలు నా సంచిలోనే ఉన్నాయి. పదిసార్లు ఫోను చేసినా కలవలేదు. పక్కనున్న కుర్రవాడు "మెసేజ్ పెట్టండి బాబాయిగారూ" అన్నాడు. కోటగుమ్మం దగ్గర ఉన్నానని ఎస్.ఎం.ఎస్. పెట్టాను. అరగంటలో ఆవిడ వచ్చింది. ఇద్దరికీ నోట మాట రాలేదు.

కాల్ వెళ్లని చోట మెసేజ్ ఎలా వెళ్లింది? టెలికం ఇంజనీరైన మా అల్లుణ్ణి అడిగి తెలుసుకున్నది మన ఆఫీసు భాషలో చెబుతాను.

2జి పద్ధతిలో 200 కిలోహెర్ట్జ్ వెడల్పుగల ఒక్కొక్క రేడియో దారిని కాలాన్ని బట్టి 8 వంతులు చేస్తారు. ఒక్కో వంతు సెకనులో వెయ్యోవంతుకు సగం పైచిలుకు. ఆ వంతులే ఛానళ్లు. ఎక్కువ భాగం మాటలకు కేటాయిస్తారు. కొన్ని ఆఫీసు పనికి ఉంచుతారు. వాటిని కంట్రోల్ ఛానళ్లంటారు. ఒకటి నోటీసు బోర్డు: ఇది ఫలానా టవరు అని చెబుతూ ఉంటుంది. ఒకటి బంట్రోతు: మనకు కాల్ వస్తే పేరు పెట్టి పిలుస్తుంది. ఒకటి మనం అర్జీ పడవేసే పెట్టె.

అర్జీ అందినా మాటల సీటు ఖాళీ లేకపోతే కాల్ కలవదు. ఎస్.ఎం.ఎస్. ఆ సీటు అడగదు, కంట్రోల్ ఛానల్‌లోనే వెళుతుంది. అవతలి ఫోను అందకపోతే మెసేజ్ కేంద్రం దాన్ని దాచి మళ్లీ పంపుతుంది. దారి చిన్నది గనుక మెసేజ్‌కు 140 బైట్లే హద్దు. ఇంగ్లీషులో 160 అక్షరాలు, తెలుగులో 70. గుడి, కొమ్ము కూడా లెక్కకు వస్తాయి.

ఇంటర్నెట్ సంగతి వేరు. 4జిలో ఎవరికీ శాశ్వతమైన సీటు లేదు. ప్రతి మిల్లీసెకనుకు ఏ భాగం ఎవరిదో కంట్రోల్ ఛానల్ ముందుగా ప్రకటిస్తుంది. ఆ ప్రకారం డేటా పంచుతారు. జనం పెరిగితే ఒక్కొక్కరి వాటా తగ్గి నెట్ నెమ్మదిస్తుంది. వాట్సాప్ ఈ దారినే వెళుతుంది గనుక దాన్నీ ఎస్.ఎం.ఎస్.నూ ఒకటిగా అనుకోవద్దు.

రద్దీ మరీ ఎక్కువైతే కంట్రోల్ ఛానళ్లూ నిండుతాయి, మెసేజ్ ఆలస్యమవుతుంది. అయినా కాల్ కలవనప్పుడు పదేపదే నొక్కకుండా, ఎక్కడున్నారో ఒక్క ఎస్.ఎం.ఎస్. పెట్టండి. పెట్టడం రాకపోతే ఈ సాయంత్రమే మనవల దగ్గర నేర్చుకోండి. మీ ఇంటి ఆడవారికి కూడా నేర్పించండి. ఆ రోజు మా ఆవిడకు మెసేజ్ తెరిచి చదవడం వచ్చు గనుకనే ఆమె నన్ను చేరింది.

చివరిగా ఒక్కమాట. కంట్రోల్ ఛానల్ ఎవరి ఫోను మాటలూ మోయదు. కానీ అది కాగితం కదపనిదే ఎవరి కబురూ కదలదు. ముప్ఫై ఏళ్లు గుమాస్తాగా పనిచేసినవాడిని, ఆ ఉద్యోగం ఏమిటో నాకు తెలుసు.