తూకానికి లొంగని నవ్వు

హాస్యసాహిత్యంలో లావుపాటి స్త్రీ చాలాకాలం నవ్వులపాలయ్యే పాత్రగానే ఉండిపోయింది. ఆమె నడక, ఆమె తిండి, ఆమె బరువుకు కిర్రుమన్న కుర్చీ, ఇవే నవ్వుకు ముడిసరుకు. కథ చెప్పే అవకాశం ఆమెకు దక్కలేదు. 1960ల చివరి నుంచి ఇంగ్లీషులో రాసిన కొందరు రచయిత్రులు ఆ అవకాశాన్ని ఆమె చేతికిచ్చారు. దాంతో నవ్వు దిక్కు మారింది. అంతవరకూ ఒంటి మీద పడిన చూపు, ఆ ఒంటిని తూచేవాళ్ల మీద పడింది. ఈ పుస్తకాల మంచిచెడ్డలు తేల్చడానికి ఈ సదస్సు రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు. పాఠకులు నవ్వేది ఎవరిని చూసి? కథానాయిక సుఖపడాలంటే ముందు సన్నబడి తీరాలని కథ షరతు పెట్టిందా?

ఫే వెల్డన్ తొలి నవల ‘ది ఫ్యాట్ ఉమన్స్ జోక్’ 1967లో వచ్చింది. ఎస్తర్, అలన్ లండన్‌లో కాపురముంటున్న మధ్యవయసు దంపతులు. ఇద్దరూ కలిసి నోరు కట్టుకోవాలనుకుంటారు. అంతవరకూ ఆ సంసారాన్ని నిలబెట్టింది వంట, భోజనం, వాటి చుట్టూ అల్లుకున్న కబుర్లేనని తిండి తగ్గించాక బయటపడుతుంది. కాలే కడుపులతో ఒకరినొకరు తేరిపార చూసుకుంటారు, కాపురం బీటలు వారుతుంది. భర్త ఆఫీసులోని సెక్రటరీ వెంట పడతాడు. ఎస్తర్ ఎర్ల్స్ కోర్ట్‌లో నేలమాళిగ ఇంటికి చేరి, కడుపారా తింటూ, పరామర్శకు వచ్చిన స్నేహితురాలికి జరిగిందంతా చెబుతుంది. ఉల్లాసం కలిగించే పుస్తకమనడానికి ఇందులో చేదు కాస్త ఎక్కువే. అయినా తర్వాత వచ్చినవాళ్లు నడిచిన బాట ఇదే. తింటున్న స్త్రీ ఇక్కడ ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోదు.

ఈ కోవలో అన్నిటికన్నా లోతైన నవల మార్గరెట్ ఆట్‌వుడ్ 1976లో ప్రచురించిన ‘లేడీ ఒరాకిల్’. ఆమె మొదటి నవల ‘ది ఎడిబుల్ ఉమన్’ 1969 నాటిది. పెళ్లి కుదిరాక ఒక్కొక్క పదార్థమే నోటికి సహించకుండా పోయిన యువతి కథ అది. చివరికి ఆమె ఆడమనిషి ఆకారంలో కేకు చేసి కాబోయే భర్త ముందు పెడుతుంది. ‘లేడీ ఒరాకిల్’ నాయిక జోన్ ఫోస్టర్‌ది దీనికి ఎదురు కథ. టొరంటోలో పెరిగిన బొద్దుపిల్ల జోన్‌కు ఏడేళ్ల వయసులో డాన్సు స్కూల్లో సీతాకోకచిలుక నృత్యం చేసే అవకాశం వస్తుంది. రెక్కలు కట్టుకుని ఎగరాలని ఆ పిల్ల నెలల తరబడి కలగంటుంది. తీరా ప్రదర్శన వేళకు రెక్కల్లో ఆ ఒళ్లు చూసి తల్లి, టీచరు కంగారుపడి, వేషం మార్చేస్తారు. సీతాకోకచిలుక కావలసిన పిల్ల కలరా ఉండ అవుతుంది. ఎలుగుబంటి తొడుగు వేసి, మెడలో పేరు రాసిన అట్ట తగిలించి వేదిక మీదికి తోస్తారు. ఆ అవమానంతో, ఆ కోపంతో జోన్ ఎగిరెగిరి గంతులేస్తే జనం పగలబడి నవ్వి, చప్పట్లతో హాలు మారుమోగిస్తారు.

ఈ ఘట్టం చదువుతూ నవ్వకుండా ఉండలేరు. నవ్విన మరుక్షణమే, తామూ ఆ హాల్లో కూర్చున్నామని పాఠకులకు తెలిసివస్తుంది. ఆట్‌వుడ్ పనితనమంతా అక్కడే ఉంది. ఆమె నవ్వును ఆపదు, దానికి జవాబుదారీని అప్పగిస్తుంది. జోన్ పెరిగి, తల్లి కోరికకు పోటీగా ఇంకా ఇంకా తింటుంది, ఒంటిని దాచకుండా కళ్లు చెదిరే రంగులు తొడుక్కుని తిరుగుతుంది. ఆమెను ఉన్నదున్నట్టు ప్రేమించిన లూ అత్త చనిపోతూ 2,000 డాలర్లు రాసిపెడుతుంది, అయితే వంద పౌండ్లు, అంటే దాదాపు 45 కిలోలు తగ్గితేనే అవి చేతికందుతాయి. జోన్ తగ్గడం మొదలుపెడుతుంది. ఇన్నేళ్లూ అదే కోరిన తల్లి అప్పుడు తట్టుకోలేక కూతురి చేతిలో కత్తి దింపుతుంది. తల్లికి కావలసింది సన్నటి కూతురు కాదని, కూతురి ఒంటి మీద తన మాట చెల్లడమని నవల ఎక్కడా వివరించి చెప్పదు. ఆ కత్తితోనే చెబుతుంది. సన్నబడి ఇంగ్లండు చేరిన జోన్ అత్త పేరు పెట్టుకుని ప్రేమనవలలు రాసి బతుకుతుంది, తన లావుపాటి బాల్యాన్ని మాత్రం భర్తకు చెప్పకుండా దాస్తుంది. ఒళ్లు తగ్గినా ఆ పిల్ల ఆమెను వదిలిపోలేదు.

లండన్ మానసిక చికిత్సకురాలు సూసీ ఆర్బాక్ 1978లో ‘ఫ్యాట్ ఈజ్ ఎ ఫెమినిస్ట్ ఇష్యూ’ ప్రచురించింది. స్త్రీల అతితిండిని మనోబల లోపంగా కాక, సమాజం వాళ్లను ఉంచిన చోటికి ప్రతిస్పందనగా చూడాలని, కడుపు మాడ్చుకోవడమే ఆ అలవాటును ముదరబెడుతుందని ఆమె వాదించింది. అది హాస్యగ్రంథం కాదు. కానీ నవలలు కథలో పట్టుకున్న సంగతికి సిద్ధాంతంలో చోటు దొరికింది.

ఆ తర్వాత ప్రపంచమంతా చదివింది బ్రిడ్జెట్ జోన్స్ డైరీ. హెలెన్ ఫీల్డింగ్ దీన్ని 1995లో ‘ది ఇండిపెండెంట్’ పత్రికలో శీర్షికగా మొదలుపెట్టింది, 1996లో నవలగా వచ్చింది. కథకు వెన్నెముక జేన్ ఆస్టెన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడీస్’. రూపం మాత్రం ఫీల్డింగ్ సొంతం. ప్రతిరోజూ ముందుగా ఆనాటి బరువు, తాగిన మద్యం, కాల్చిన సిగరెట్లు, తిన్న కేలరీలు లెక్కగా నమోదవుతాయి, తర్వాతే మనిషి మాట్లాడుతుంది. మొదటి రోజు బరువు సుమారు 58 కిలోలు. ఆందోళన పడవలసిన తూకమేమీ కాదది. పత్రికలు, స్నేహితులు, తల్లి, బరువు యంత్రం కలిసి దాన్ని ఒక విపత్తుగా మార్చేశారు. ఏడాదంతా తగ్గినదీ పెరిగినదీ ఇంచుమించు సరిపోతాయి.

నవలలో అన్నిటికన్నా పదునైన చోటు చాలామంది చదువుతూ దాటిపోయేదే. ఏళ్ల తరబడి కలగన్న 54 కిలోల దగ్గరికి బ్రిడ్జెట్ ఒకసారి నిజంగానే చేరుతుంది. ఆ ఆనందంతో పార్టీకి వెళితే, నీరసంగా కనిపిస్తున్నావని, ఇంతకుముందే బాగున్నావని స్నేహితులంటారు. యవ్వనమంతా ఏ అంకె కోసం ఖర్చుపెట్టిందో ఆ అంకె ఎవరికీ పట్టలేదు. ఈ నవల బరువు పిచ్చిని గేలిచేస్తూనే పెంచి పోషించిందని కొందరు విమర్శకులన్నారు. అందులో కొంత నిజముంది. బ్రిడ్జెట్ ఆ లెక్కల్లోంచి బయటికి రాదు, పైగా లావు కాని స్త్రీ లావు గురించి పడే బాధ ఇది. అయినా ఆ అంకెల పట్టీ రోజూ కళ్లముందు పెట్టి దాని అర్థంలేనితనాన్ని పాఠకులే పట్టుకునేలా చేసిన ఘనత ఫీల్డింగ్‌దే. ఆమెను అనుకరించిన పుస్తకాలు చాలావరకు అంకెలు తీసుకుని ఎత్తిపొడుపు వదిలేశాయి.

లావు నిజంగానే ఉన్న నాయిక జెనిఫర్ వైనర్ 2001 నవల ‘గుడ్ ఇన్ బెడ్’లో వచ్చింది. ఫిలడెల్ఫియాలో పత్రికా విలేకరి అయిన క్యానీ షపీరో, లావుపాటి స్త్రీని ప్రేమించడం గురించి తన మాజీ ప్రియుడు ఒక పత్రికలో రాసిన శీర్షిక చదువుతుంది. అందులోది తన ఒళ్లే. తర్వాత ఆమె సన్నబడుతుంది కూడా, అయితే అది నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ కోసం తల్లడిల్లుతూ, తిండీతిప్పలు మరిచి ఊరంతా నడిచిన రోజుల్లో. సన్నదనం ఇక్కడ దుఃఖం మిగిల్చిన గుర్తు. ఈ ఒక్క ఎత్తుగడతో వైనర్ ఆ తరహా నవలల ఆనవాయితీని తలకిందులు చేసింది.

షరతు అసలే లేని లోకం బోట్స్వానా నేపథ్యంగా అలెగ్జాండర్ మెకాల్ స్మిత్ 1998లో మొదలుపెట్టిన ‘ది నంబర్ వన్ లేడీస్ డిటెక్టివ్ ఏజెన్సీ’ వరుసలో కనిపిస్తుంది. గాబొరోనెలో అపరాధ పరిశోధన చేసే ప్రెషస్ రమోట్స్వే తనది సంప్రదాయమైన శరీరాకృతి అని నిబ్బరంగా చెప్పుకుంటుంది, టీ తాగుతుంది, చిన్న తెల్ల వ్యాన్ నడుపుతుంది. రాసింది పురుషుడు, అదీ స్కాట్లండ్‌లో స్థిరపడినవాడు కనుక ఈ ప్రశాంతత కొంత సులభంగా దక్కిందేమోనన్న అనుమానం న్యాయమే. ఆ పాత్ర పట్ల ఉన్న గౌరవంలో మాత్రం వంక పెట్టలేరు.

2015లో వచ్చిన జూలీ మర్ఫీ ‘డంప్లిన్’’ కిశోరవయసు వారి నవల. టెక్సస్‌లోని చిన్న ఊరు, డాలీ పార్టన్ పాటలు, ఒకప్పటి అందాలపోటీ విజేత అయిన తల్లి. ఆ పోటీని ఇప్పుడు నడిపేదీ ఆ తల్లే. చనిపోయిన లావుపాటి పిన్ని సామాన్లలో ఆ పోటీకి పూర్తిచేయని పాత దరఖాస్తు దొరికాక, కూతురు విల్లోడీన్ తానే పోటీకి దిగుతుంది. కిరీటం ఆమెకు దక్కదు, బరువు తగ్గదు, అయినా పుస్తకం మూసేటప్పుడు మనసు తేలికపడుతుంది. మరుసటి ఏడాది వచ్చిన లిండీ వెస్ట్ వ్యాససంపుటి ‘ష్రిల్’ నవ్వును వాదనగా మార్చింది. చనిపోయిన తన తండ్రి పేరుతో ఇంటర్నెట్‌లో తనను వేధించిన మనిషి తర్వాత క్షమాపణ చెప్పిన ఉదంతం అందులో ఉంది. తన ఒంటి మీద తనకే ఏవగింపు ఉండగా, ఆమె హాయిగా ఉండడం చూసి ఓర్వలేకపోయానని అతను ఒప్పుకున్నాడు. ఎగతాళి ఎక్కడినుంచి పుడుతుందో ఏ సిద్ధాంతగ్రంథమూ ఇంత సూటిగా చూపలేదు.

తెలుగులో ఈ వస్తువు విస్తారంగా కనిపించింది వెండితెర మీద. 2015 నవంబరులో విడుదలైన ‘సైజ్ జీరో’లో అనుష్క ఒళ్లు పెంచి నటించింది. ప్రకాశ్ కోవెలమూడి దర్శకుడు, తమిళంలోనూ ఏకకాలంలో తీశారు. పెళ్లిచూపుల హాస్యంతో మొదలైన కథ, బరువు తగ్గిస్తామని మోసంచేసే క్లినిక్ మీద పోరాటంగా మారేసరికి నవ్వు పలచబడింది. మొదటి సగంలో ఉన్నదే తెలుగు నవలకు కావలసిన సరుకు. సంబంధాలు చూసేటప్పుడు అమ్మాయి ఎత్తు, ఒళ్లు నలుగురూ బేరీజు వేయడం, కాన్పయిన నెలకే వరుసైనవాళ్లంతా నడుము గురించి ఆరా తీయడం, అమెరికా నుంచి సెలవులకొచ్చిన కూతురు గుమ్మంలో సామాను దించకముందే ‘ఒళ్లు చేశావే’ అనో ‘చిక్కిపోయావే’ అనో పలకరించడం, మళ్లీ ఆ నోటితోనే ఇంకో రెండు బొబ్బట్లు తినమని ఒట్టు పెట్టడం ప్రతి ఇంటా జరిగేవే. ఇంటి పెద్దరికాన్ని నొప్పించకుండా నవ్వించే నేర్పు భానుమతీ రామకృష్ణ ‘అత్తగారి కథలు’ నాడే తెలుగు గద్యానికి పట్టుబడింది. ఆ నేర్పుతో ఈ పలకరింపులన్నీ విన్న అమ్మాయి తానే కథ చెబితే ఆ నవల తెలుగు పాఠకులకు వెంటనే తమదనిపిస్తుంది. దానికి తోడుగా ‘లేడీ ఒరాకిల్’ను తెలుగులోకి తేవడం ఈ సదస్సు చేపట్టదగిన మొదటి పని.