ఆకు పేరు పెట్టుకున్న మందు

మోతీనగర్ పొరుగున ఉన్న ఎర్రగడ్డ రైతుబజారులో ఉదయంవేళ ఆకుకూరల కట్టలు రాశులుగా కనిపిస్తవి. తోటకూర, పాలకూర, బచ్చలి, గోంగూర వంటి ఆ ఆకులలో ఉన్న ఒక సూక్ష్మపదార్థానికి శాస్త్రజ్ఞులు 1941లో నామకరణం చేసినారు. పాలకూరనుంచి తీసినది గనుక, ఆకు అనే అర్థమిచ్చే లాటిన్ మాటనుబట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు వచ్చినది. ఇది బి విటమినులలో ఒకటి. అంతకు పూర్వమే లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, పేద గర్భిణీ స్త్రీలకు కలిగే తీవ్రమైన పాండురోగాన్ని పరిశీలించి, అది ఈస్టు సారంతో నయమౌతున్నదని 1931లో ప్రకటించినారు. ఆ సారంలోని గుణం ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన, తన సోదరులిద్దరిని స్ప్రూ అనే వ్యాధికి కోల్పోయినారు. అది ప్రేగులు ఆహారసారాన్ని గ్రహించలేక మనిషి కృశించిపోయే వ్యాధి. అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయంలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా నిర్మించినది. స్ప్రూ చికిత్సలో అది ఎంతో ఉపకరించినది. సోదరులను కోల్పోయినవాని చేతిమీదుగా ఆ మందు లోకానికి అందినది.

ఇంతకూ ఈ పదార్థం శరీరంలో చేసే పని ఏమిటి? కూలివాడు బరువును మోసినట్లు ఇది ఒకే ఒక కర్బన పరమాణువు ఉన్న చిన్న తునకను మోసుకొని తిరుగుతుంది. జీవకణం రెండుగా చీలేముందు, వంశలక్షణాలను మోసే డి.ఎన్.ఎ.కు నకలు తయారు కావలెను. ఆ నకలుకు కావలసిన ఒక దినుసు ఈ తునకతోనే పూర్తి అవుతుంది. రక్తకణాలు మూలుగలో ఎడతెగక పుడుతుండవలసినవి గనుక, ఫోలిక్ ఆమ్లం లోపిస్తే మొట్టమొదట రక్తమే చెడుతుంది.

కాన్సరు కణాలకూ ఇదే అవసరం. సుబ్బారావుగారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన ఒక నకిలీ పదార్థాన్ని కూడా తయారుచేసినది. దాని పేరు అమినోప్టెరిన్. కణం దానిని అసలుదిగా భ్రమించి మోసపోతుంది. బోస్టనులో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరు సోకిన పిల్లలకు దానిని ఇచ్చి, కొందరిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గినదని 1948 జూనులో వెల్లడించినారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూసినారు. దాని సోదర ఔషధమైన మిథోట్రెక్సేట్‌ను వైద్యులు నేటికీ వాడుతున్నారు. కీళ్ళవాతానికి కూడా తక్కువ మోతాదులో ఇస్తారు.

ఈ కూలివాని రెండవ పనిని గురించి కొంచెం నిదానంగా వినవలెను. కర్బనపు తునక ఒక దశలో మిథైల్ అనే రూపం దాల్చుతుంది. ఆ రూపంలో ఉన్న బరువును దించుకొనడానికి ఒక సహాయకుడు కావలెను. అతడే బి 12 విటమిను. ఇతడు బరువును అందుకొని హోమోసిస్టీన్ అనే పదార్థానికి అప్పగిస్తే అది మిథియోనిన్‌గా మారుతుంది. అక్కడనుంచి ఆ మిథైల్ అనేక కార్యాలకు పోతుంది. డి.ఎన్.ఎ.పై గుర్తులు వేసి, ఏ జన్యువు పలుకవలెనో ఏది మౌనంగా ఉండవలెనో నిర్ణయించడంలో దానికి భాగం ఉన్నది. నరాలపై కప్పుగా ఉండే పొరను కాపాడడానికి కూడా అది కావలెను.

బి 12 లేకపోతే, బరువు దించేవాడు లేక కూలీలందరూ నిలిచిపోతారు. ఒంట్లో ఫోలిక్ ఆమ్లం ఉన్నా పనికిరాదు, రక్తం క్షీణిస్తుంది. అప్పుడు రోగికి ఫోలిక్ ఆమ్లపు మాత్రలు మాత్రమే ఇచ్చినామనుకోండి. కొత్త కూలీలు వచ్చి రక్తం పని నడిపిస్తారు, మొహంలో కళ వస్తుంది, ఇంటివారు సంతోషిస్తారు. నరాల పొర మాత్రం లోలోపల చెడుతూనే ఉంటుంది. కాళ్ళు తిమ్మిరెక్కడం, నడక తూలడం, జ్ఞాపకశక్తి తగ్గడం ఆలస్యంగా బయటపడతవి. అప్పటికి ఆ నష్టంలో కొంత తిరిగి పూడనిదై ఉండవచ్చు. ఈ మందుకు ఉన్న ముఖ్యమైన ప్రమాదం ఇదే.

బి 12 ఆకుకూరలలో లేదు, పప్పులలో లేదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసములలో ఉన్నది. కాలేయంలో కొన్ని సంవత్సరాలకు సరిపడే నిల్వ ఉంటుంది గనుక లోపం మెల్లగా తెలుస్తుంది. పాలూ పెరుగూ అంతగా తీసుకొనని శాకాహారులు, జీర్ణరసాలు తగ్గిన వృద్ధులు, మధుమేహానికి మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ళతరబడి వాడేవారు రక్తపరీక్ష చేయించుకొనడం మంచిది. పూణేలో తల్లులనూ బిడ్డలనూ పరిశీలించినవారు 2008లో ఒక సంగతి ప్రకటించినారు: గర్భకాలంలో ఫోలిక్ ఆమ్లం అధికంగానూ బి 12 తక్కువగానూ ఉన్న తల్లుల బిడ్డలలో ఇన్సులిన్‌కు శరీరం లొంగకపోవడం హెచ్చుగా కనిపించినది.

హోమోసిస్టీన్ హెచ్చితే గుండెజబ్బు వస్తుందని, దానిని తగ్గిస్తే జబ్బు తప్పుతుందని ఒకప్పుడు గొప్ప ఆశ ఉండేది. విటమినులతో దానిని తగ్గించి చూసిన పెద్ద పరీక్షలలో గుండెపోట్లు తగ్గలేదు. ఆ ఆశతో మాత్రలు కొనుక్కోనక్కరలేదు.

గర్భిణుల విషయం వేరు. శిశువు మెదడు, వెన్నుపాము ఏర్పడే నాళం గర్భధారణ జరిగిన సుమారు 28 రోజులలోనే మూసుకుంటుంది. అది సరిగా మూసుకొనకపోతే వెన్ను చీలిన బిడ్డ పుట్టవచ్చు. అట్టి కాన్పు ఒకసారి జరిగిన తల్లులకు ముందుగానే ఫోలిక్ ఆమ్లం ఇస్తే, మళ్ళీ జరగడం 72 శాతం తగ్గినదని బ్రిటిష్ పరిశోధకులు 1991లో నిరూపించినారు. నెల తప్పినదని తెలిసి, పెద్దవాళ్ళకు చెప్పి, ఆస్పత్రికి వెళ్ళేసరికే ఆ నాళం మూసుకొని ఉంటుంది. అందుచేత బిడ్డను కోరుకునే స్త్రీ దినానికి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లాన్ని గర్భానికి ముందునుంచే మొదలుపెట్టవలెను. వెనుక అట్టి కాన్పు అయినవారికి దీనికి పదింతల మోతాదు అవసరం. దానిని వైద్యులే నిర్ణయించి ఇస్తారు.