పాసుపుస్తకంలో ఎవరి పేరు?



మహిళా సాధికారత అనగానే మనకు రాణులు గుర్తొస్తారు. రుద్రమదేవి 1262 నుంచి 1289 దాకా కాకతీయ రాజ్యాన్ని ఏలింది. అంతటి ఏలికను కూడా శాసనాలు రుద్రదేవ మహారాజు అని మగపేరుతో పిలిచాయి. ఆమె పాలన మనకు గర్వకారణమే. కానీ ఒక్కరు గద్దెనెక్కినంత మాత్రాన రాజ్యంలోని ఆడవాళ్లందరికీ హక్కులు రావు. ఎవరి దయతోనూ పనిలేకుండా మామూలు ఆడమనిషి తన బతుకు గురించి తానే నిర్ణయించుకోగలిగితే, దాన్నే నేను సాధికారత అంటాను.

అందుకు దారి చూపింది నెల్లూరు జిల్లా దూబగుంట. అక్షరాలు నేర్చుకోవడానికి కూడిన కూలి తల్లులు, కష్టార్జితం సారా పాలవుతోందని మాట్లాడుకుని, 1992లో ఊళ్లో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఆ పోరాటం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారాను నిషేధించారు. మద్యం మళ్లీ వచ్చింది కదా, గెలిచిందేమిటని కొందరు అడుగుతారు. ఆ తర్వాత తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధం నిలవలేదన్నది నిజం. అయినా ఆ ఉద్యమంలో కూడిన ఆడవాళ్లు పొదుపు సంఘాలుగా నిలబడ్డారు. ప్రభుత్వం ఇచ్చినదాన్ని ప్రభుత్వమే వెనక్కి తీసుకోవచ్చు; కలిసి నిలబడటం నేర్చినవాళ్ల నుంచి ఆ నేర్పును ఎవరూ లాక్కోలేరు.

ఇక మన ఊరు గోరంట్ల సంగతి. వాన మొహం చాటేసిన ఏడు మగవాళ్లు బెంగళూరుకు పనికి పోతే, వేరుశనగ చేనును కనిపెట్టుకుని ఉండేది ఆడవాళ్లు. కలుపు తీసేదీ, కాయ ఒలిచేదీ వాళ్లే. భూమి పాసుపుస్తకంలో పేరు లేకపోతే మాత్రం పంట రుణానికి బ్యాంకులో ఆ చాకిరీ లెక్కకు రాదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇస్తూ మన రాష్ట్రం తెచ్చిన చట్టసవరణ 1985 నుంచే అమల్లో ఉంది. దేశమంతటికీ ఆ హక్కు దక్కింది 2005లో. చట్టం ఉన్నా, పుట్టింటి ప్రేమ పోతుందన్న భయంతో వాటా వదులుకునే ఆడబిడ్డలు ఇంకా ఉన్నారు. వాటా అడిగితే బంధం తెగుతుందనేవారికి నా జవాబు ఒక్కటే: ఆడబిడ్డ నోరు మూసుకుంటేనే నిలిచే బంధంలో బరువంతా ఆమె మీదే ఉంది. న్యాయంగా పంచుకున్నప్పుడే తోబుట్టువులు ఒకరి ముఖం ఒకరు నిండుగా చూసుకోగలరు.

ఇవాళ చదువు పట్టాలందుకుంటున్న అమ్మాయిలారా, చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. అబ్బాయిలారా, మీ అక్కచెల్లెళ్లు అడిగేదాకా ఆగకుండా వాళ్ల వాటా వాళ్ల పేరున రాయించండి. ఈ పట్టా మీకిచ్చిన తెలివిని ముందు మీ ఇంట్లోనే వాడండి.