చెడుగుడు కూత నుండి తెల్లవారుజాము పరుగు వరకు

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ వేదికపై పుస్తకములను గూర్చి మాటాడుటకు నాకంటె సమర్థులు పెక్కురు గలరు. కార్యదర్శిగారు నన్ను మాత్రము పరుగును గూర్చి చెప్పుమనిరి. ఏబదియేండ్లు దగ్గరపడిన పిదప పరుగు మొదలిడినవాడు ఈ ముప్పాళ్ళలో వేరొకడు వారికి కనబడలేదు కాబోలు!

మా చిన్నతనమున పరుగు అనునది ప్రత్యేకముగా ఒక ఆట కాదు. అది ప్రతి యాటలోను ఉండెడిది. ఏడుపెంకులాటలో బంతి దెబ్బ తప్పించుకొనుటకు పరుగు. కోతికొమ్మచ్చిలో కర్ర విసరినంతనే చెట్టెక్కుటకు పరుగు. బిళ్ళంగోడులో బిళ్ళ వెంట పరుగు. ఇక వెన్నెల రాత్రులందు కోతలైన చేలలో చెడుగుడు. ఆ యాటలోని కష్టము మీరెరుగనిది కాదు. గీత దాటినది మొదలు మరల గీత ముట్టువరకు కూత తెగరాదు. ఊపిరి వెలికి పోవుచుండవలెనే గాని లోనికి తీయరాదు. ఆ ఒక్క ఊపిరిలోనే ఎదుటివానిని తాకి, పట్టు విడిపించుకొని రావలెను. నా కూత మిగుల పొట్టిది. అందుచేత పెద్దవాండ్రు నన్ను గట్టున కూర్చుండబెట్టి తమ చొక్కాలకు కావలి యుంచెడివారు. ఆ పని నేను శ్రద్ధగనే చేసితిని. ఒక్క గుండీయైనను పోలేదు. ఆ చెడుగుడే కబడ్డీ పేర 1990లో బీజింగు ఆసియా క్రీడలలో పతకముల యాటయై, మన దేశమునకు స్వర్ణము తెచ్చినది.

ఉన్నత పాఠశాలలో చేరిన పిదప పరుగు పందెమైనది. సున్నపు గీతలు, ఈల, మొదటి ముగ్గురికి స్టీలు గ్లాసులు. తక్కినవారు చెట్టు నీడకు పోయి చప్పట్లు కొట్టవలెను. పండ్రెండేండ్ల వయస్సుననే కొందరు ఆటగాండ్రనియు, తక్కినవారు చూచువారనియు తేలిపోయెను. ఏ యొక్క పాఠశాలనో నిందించుట నా యుద్దేశము గాదు. నాడు పలుచోట్ల ఇదే తీరు. ఆడపిల్లల సంగతి మరియు కఠినము. మా అక్కయ్య కోతికొమ్మచ్చిలో నాకంటె ముందు చెట్టెక్కెడిది. పెద్దమనిషియైన మరునాటి నుండి ఆమె పరుగెత్తగా నేను చూడలేదు.

ఇది మన పల్లెల చాదస్తమే యనుకొనకుడు. 1928లో ఆంస్టర్‌డాం ఒలింపిక్సునందు స్త్రీలకు 800 మీటర్ల పరుగు పెట్టిరి. కొందరు అలసి కూలిరని పత్రికలు గగ్గోలు చేయగా దానిని తొలగించి, తిరిగి 1960 రోము క్రీడల వరకు పెట్టలేదు. ఒలింపిక్సు మారథాను స్త్రీలకు 1984లో గాని దక్కలేదు. లోకమంతటికిని పట్టిన జబ్బే ఇది.

నాకు నలుబదియెనిమిదవ యేట మధుమేహము, మనవారనునట్లు షుగరు, కనబడినది. వైద్యులు నడువుమనిరి. కొన్నాళ్ళు నడచితిని. ఒకనాడు చీకటితో, చూచువారెవరును లేరని నిశ్చయించుకొని, ఒక కరెంటు స్తంభము నుండి రెండవదాని వరకు పరుగెత్తితిని. గుండె నోటికి వచ్చినది. అయినను మరునాడు మరల పోయితిని. ఒక స్తంభము పరుగు, రెండు స్తంభముల నడక. పాలక్యానుతో ఎదురైన కుర్రవాడొకడు “బస్సు పోయిందా బాబాయి?” అని అడిగెను. ఎనిమిది మాసములకు కాలువ కట్టమీద 5 కిలోమీటర్లు ఆగకుండ పరుగెత్తగలిగితిని.

ఇందులోని కిటుకు చెడుగుడునకు సరిగా తలక్రిందులు. అచట ఊపిరి బిగబట్టవలెను; ఇచట ఊపిరి చాలినంత మెల్లగా పోవలెను. ప్రక్కవానితో మాటాడుచు పరుగెత్తగలిగిన వేగమే తొలినాళ్ళ వేగము. గుండె, ఊపిరితిత్తులు త్వరగానే అలవాటుపడును. ఎముకలకును, కండరములను ఎముకకు కట్టియుంచు నరములకును ఎక్కువకాలము పట్టును. కనుక ఆయాసము తగ్గినదని ఒక్కసారిగా దూరము పెంచినవారు మోకాళ్ళు పట్టుకొని కూర్చుందురు. పనిచేయు కండరము నెత్తురులోని చక్కెరను లాగుకొనును. మధుమేహులకు మేలు ఇదియే. మాత్రలు, ఇన్సులిను తీసికొనువారికి చక్కెర మరీ పడిపోవు ప్రమాదము గలదు గనుక వైద్యుని అడుగకుండ మొదలిడరాదు. రెంటచింతల ఎండలు విననివారు లేరు. మన సీమలో వేసవిని సూర్యోదయమునకు ముందే ముగించవలెను.

పంజాబు రైతుబిడ్డ ఫౌజాసింగు ఐదేండ్లవరకు సరిగా నడువలేనివాడట. ముదిమిలో పుత్రశోకము తరువాత పరుగు పట్టి, 2000లో లండనునందు, తన లెక్కకు 89వ యేట, తొలి మారథాను, అనగా 42 కిలోమీటర్లకు పైచిలుకు, ముగించెను. 2011లో టొరంటోలో నూరేండ్ల వయస్సున మరియొకటి. జనన పత్రము లేదని గిన్నిసువారు దానిని నమోదు చేయలేదు. మన తాతలలో ఎందరికి ఆ పత్రము గలదు?

తెలుగునేలపై వరంగల్లు జిల్లా కల్లెడలో జీవాంజి దీప్తి యను కూలివారి బిడ్డను, బుద్ధిమాంద్యమును జూచి ఊరివారు ఎగతాళి చేసిరి. ఆ బాలికయే 2024 మేలో జపానునందు 400 మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి, నాటి ప్రపంచ రికార్డుతో స్వర్ణమును, అదే యేట పారిసు పారాలింపిక్సులో కాంస్యమును గెలిచెను. చిన్ననాడు పిల్లలపై వేయు ముద్ర ఎంత బోలుదో చూడుడు.

అందరును పరుగెత్తవలెనని నేననను. పొద్దస్తమానము మిరపకోతలో వంగి వచ్చిన తల్లికి కావలసినది విశ్రాంతి గాని వ్యాయామము గాదు. దుకాణమునను, ఆఫీసునను, ట్రాక్టరుపైనను కూర్చుండు మా వంటివారి మాట నేను చెప్పుచున్నాను.

ఇక ఒక మనవి. ఇటీవల నలుగురైదుగురు ఆడపడుచులు నాతో, “మాకును ఉన్నది బాబాయిగారూ, కాని రోడ్డుమీద ఎట్లు?” అనిరి. వారి భయము ఊరి నోటికే కాదు. ఆ ఫౌజాసింగు సైతము 2025 జూలైలో స్వగ్రామము చెంత రోడ్డుపై కారు ఢీకొని మరణించెను. చీకటి వేళ లారీల నడుమకు పొండని నేనెవరికిని చెప్పజాలను. మన గ్రంథాలయపు ఆవరణ చుట్టు కొలత చిన్నదే. అయినను గోడ యున్నది, గేటు ఉన్నది. ఉదయము 5 గంటలకు గేటు తీసి, వాకిట దీపము వెలిగించి, తొలి గంట స్త్రీలకును బాలికలకును విడువవలెనని కార్యవర్గమును కోరుచున్నాను. తాళపుచెవి బాధ్యతయు, ఆ గంటకగు కరెంటు ఖర్చును ఒక సంవత్సరము వరకు నేను భరించెదను.