ఫోన్‌బుక్‌లో మనమందరం ఉన్నాం

(సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం. ఆ రోజు డ్యూటీ వల్ల రాలేకపోయిన సభ్యుల కోసం ఇక్కడ ప్రచురిస్తున్నాం.)

హారతి అయిపోయి అందరూ ప్రసాదానికి లేవబోయే వేళ మైకు పట్టుకోవడం ఎంత సాహసమో మాకు తెలుసు. వంటవాళ్లు పులిహోర కలపడానికి ఇంకో ఇరవై నిమిషాలు కావాలన్నారు. ఆ ఇరవై నిమిషాలు మాకివ్వండి.

మేము మాట్లాడదలచుకున్నది ఫోన్ల గురించి. పిల్లలు ఫోన్ వదలడం లేదన్న మామూలు ఫిర్యాదు కాదు. పెద్దవాళ్ల ఫోన్ల గురించి, అందులోనూ మా ఫోన్ల గురించి. ఎందుకంటే ఇందులో మా తప్పు ఒకటుంది. అది చెప్పకుండా మీకు జాగ్రత్తలు చెప్పడం బాగుండదు.

2021లో ఒక శుక్రవారం సాయంత్రం కార్యవర్గంలో ముగ్గురి ఫోన్లకు దాదాపు ఒకేసారి ఒక మెసేజ్ వచ్చింది. ఇండియా నంబరు, ఎవరిదో తెలియదు. అందులో ఒక ఆడమనిషి ఫోటో, ఆమె ఆధార్ కార్డు ఫోటో. కింద "ఈమె దొంగ, మా డబ్బు ఎగ్గొట్టింది, ఈమెకు మీరే జామీను" అని రాసి ఉంది. ఆమె ఎవరో మాకు వెంటనే తట్టలేదు. ఆరా తీస్తే తెలిసింది. ప్రతి పండక్కీ మన దగ్గర పందిరి కట్టి, గిన్నెలు మోసి, అందరూ తిన్నాక చివర్లో తినే ఒక తమ్ముడి భార్య ఆమె. జగిత్యాల వైపు ఒక ఊళ్లో పిల్లలతో ఉంటుంది. బడి ఫీజు కోసం ఫోన్‌లో ఏదో లోన్ యాప్‌లో ఆరు వేలు అడిగింది. కోతలన్నీ పోను చేతికి వచ్చింది మూడు వేల ఎనిమిది వందలు. వారం తిరక్కుండా మొత్తం కట్టాలన్నారు. రెండు రోజులు ఆలస్యమైంది. అంతే.

మరి మా నంబర్లు వాళ్లకెలా దొరికాయి? 2020లో కరోనా సమయంలో ఆ తమ్ముడు క్యాంపులో క్వారంటైన్‌లో ఉన్నప్పుడు మనం సరుకులు పంపాం. భర్త ఎలా ఉన్నాడో కనుక్కోవడానికి ఆమె మా నంబర్లు తన ఫోన్‌లో దాచుకుంది. యాప్ వేసుకునేటప్పుడు "కాంటాక్ట్స్ చూడొచ్చా" అని అడిగితే ఒప్పుకుంది. ఒప్పుకోకపోతే లోన్ రాదు కదా. అలా మన మంచితనం కోసం దాచుకున్న నంబర్లే ఆమె పరువు తీయడానికి పనికొచ్చాయి.

ఇంతవరకూ తప్పు వాళ్లది. ఆ తర్వాతది మాది. మాలో ఒకరు ఆ మెసేజ్‌ను "జాగ్రత్త, ఇలాంటివి వస్తున్నాయి" అంటూ సేవకుల గ్రూపులో ఫార్వర్డ్ చేశారు. ఫోటో తీసెయ్యలేదు, ఆధార్ నంబరు చెరపలేదు. ఆ రాత్రికి గ్రూపులో అందరూ చూశారు. ఎవరో గుర్తుపట్టారు. ఎవరో ఆ తమ్ముడినే అడిగారు. యాప్ వాళ్లు ముగ్గురికి పంపిన దాన్ని మేము ఊరంతటికీ పంచిపెట్టాం. ఆ తమ్ముడు ఆ రోజు నుంచి సేవకు రావడం మానేశాడు. గ్రూపులోంచి కూడా మాట లేకుండా వెళ్లిపోయాడు. అతను ఎందుకు రావడం లేదో మేము చాలా రోజులు అడగనే లేదు.

ఇది ఆ ఒక్క ఇంటి గోడు కాదు. 2020 చివర్లో తెలంగాణలో ఇలాంటి యాప్‌ల వేధింపులు భరించలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. డిసెంబరులో పోలీసులు హైదరాబాద్‌లోనూ గురుగ్రామ్‌లోనూ కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. అరెస్టయిన వాళ్లలో చైనా దేశస్థులూ ఉన్నారు. వరుసగా కూర్చుని ఫోన్‌బుక్‌లో ఉన్న ప్రతి నంబరుకూ ఫోన్ చేసి తిట్టడమే అక్కడ ఉద్యోగం. ఆ నెలలోనే రిజర్వ్ బ్యాంకు జనాన్ని హెచ్చరించింది. 2021 జనవరిలో ఒక కమిటీ వేసింది. 2022 సెప్టెంబరు 2న నిబంధనలు ఇచ్చింది. వాటి ప్రకారం లోన్ యాప్ మీ ఫోన్‌బుక్‌నూ కాల్ లిస్టునూ ఫోటోలనూ తాకకూడదు. 2023లో గూగుల్ ప్లే కూడా పర్సనల్ లోన్ యాప్‌లకు ఫోటోలు, కాంటాక్ట్స్ చూసే వీలు తీసేసింది. ఇప్పుడు ఏదైనా లోన్ యాప్ ఫోన్‌బుక్ అడిగిందంటే అది నియమం తప్పినట్టే. ప్లే స్టోర్ బయట, లింకు రూపంలో వచ్చేవి మాత్రం ఇప్పటికీ అడుగుతూనే ఉంటాయి.

ఈ ప్రసంగం రాయడానికి ముందు మనవాళ్లను కొందరిని అడిగాం. అడిగిన ప్రతిదానికీ "అలో" ఎందుకు నొక్కుతారు అని. ఎక్కువ మంది చెప్పింది ఒకటే మాట. "మా దగ్గర దాచుకోవడానికి ఏముందండీ?" ఒక పెద్దాయన మాత్రం "ఎలాగూ అంతా వాళ్ల దగ్గరే ఉంది, ఇప్పుడు కాదంటే ఏమొస్తుంది" అన్నారు. ఒకావిడ నిజం చెప్పారు. "చదవాలంటే అద్దాలు కావాలి, అద్దాలు వెతికేలోపు నొక్కేస్తాను" అని. మేమూ ఆవిడ జట్టే.

చదవకపోవడం మన ఒక్కరి లక్షణం కాదు. 2012లో అమెరికాలో ఆండ్రాయిడ్ వాడేవాళ్ల మీద ఒక పరిశోధన చేశారు. యాప్ వేసుకునేటప్పుడు పర్మిషన్ల వైపు కన్నెత్తి చూసినవాళ్లు నూటికి 17 మంది. వాటి అర్థం గురించి అడిగిన మూడు ప్రశ్నలకూ సరిగ్గా జవాబు చెప్పినవాళ్లు నూటికి 3. అప్పట్లో అన్నీ ఒప్పుకో, లేకపోతే యాప్ వదులుకో అన్నట్టుండేది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6తో ఒక్కొక్కటీ విడిగా అడగడం మొదలైంది. దానికి ముందే 2013లో కోట్ల మంది వాడిన ఒక టార్చిలైట్ యాప్ మనుషులు ఎక్కడెక్కడ తిరుగుతున్నారో ప్రకటనల కంపెనీలకు పంపుతోందని అమెరికా వాణిజ్య కమిషన్ పట్టుకుంది. టార్చిలైటుకు మన ఇంటి అడ్రసు ఎందుకు? ఆ ప్రశ్న ఒక్కటి వేసుకోవడం అలవాటైతే సగం పని అయినట్టే.

మనం ఉంటున్న దేశంలోనూ ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 2020లో వచ్చిన "బీ అవేర్ బహ్రెయిన్" యాప్ మనందరి ఫోన్లలోనూ ఉండేది. టెస్టు ఫలితం అందులోనే, టీకా వేయించుకున్నాక పచ్చ రంగు షీల్డు అందులోనే. ఆ షీల్డు చూపించి మాల్‌లోకి వెళ్లినప్పుడు మనకెంత ధీమాగా ఉండేదో గుర్తుంది కదా. ఈ దేశం మనకు ఉచితంగా టెస్టులు చేసింది, టీకా వేసింది. దానికి మేము ఎప్పటికీ కృతజ్ఞులం. అది చెబుతూనే ఇదీ చెప్పాలి. 2020 జూన్‌లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ పదకొండు దేశాల కరోనా యాప్‌లను పరిశీలించింది. బహ్రెయిన్, కువైట్, నార్వే యాప్‌లు అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగించేవి అని చెప్పింది. మనిషి ఎక్కడున్నాడో ఎప్పటికప్పుడు కేంద్ర సర్వరుకు పంపుతున్నాయన్నది అభ్యంతరం. నార్వే ఆ నివేదిక వెలువడే ముందు రోజే తన యాప్‌ను ఆపేసింది.

ఆ రంజాన్‌లో బహ్రెయిన్ టీవీలో "మీరు ఇంట్లోనే ఉన్నారా?" అనే కార్యక్రమం వచ్చేది, మీలో కొందరు చూసే ఉంటారు. యాప్‌లో ఉన్న నంబర్లలోంచి రోజుకు పది లాటరీ తీసి, లైవ్‌లో ఫోన్ చేసి, ఇంట్లోనే ఉంటే బహుమతి ఇచ్చేవాళ్లు. మొదట్లో అందరి నంబర్లూ అందులో ఉండేవి. తర్వాత వద్దనుకున్నవాళ్లు తప్పుకునే వీలు పెట్టారు. అప్పట్లో మేము దీని గురించి ఏమనుకున్నాం? మా నంబరు వస్తే బాగుండు అనుకున్నాం! ఆరోగ్యం కోసం ఇచ్చిన నంబరు టీవీ ఆటకు ఎలా వెళ్లింది అన్న ఆలోచనే రాలేదు. ఒక పనికి ఇచ్చింది ఇంకో పనికి వాడటం అనేదే ఈ గొడవలన్నిటికీ మూలం. లోన్ యాప్ చేసిందీ వేరే స్థాయిలో అదే. మా గ్రూపులో మేము చేసిందీ అదే.

మనకు ఇక్కడ చట్టం ఉంది. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2018 నాటి 30వ నంబరు చట్టం, 2019 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. అందులో కొన్ని రకాల సమాచారాన్ని సున్నితమైనదిగా వేరు చేశారు. ఆరోగ్యం ఒకటి. మత విశ్వాసం ఇంకొకటి. ఈ మాట చదివినప్పుడు మాకు గుండె ఝల్లుమంది. మన సభ్యుల జాబితా ఏమిటి? పేరు, సీపీఆర్ నంబరు, ఫోన్, ఫ్లాట్ నంబరు, పిల్లల పేర్లు. కొన్ని ఫారాల్లో గోత్రం, నక్షత్రం కూడా. ఒక ఆలయ సంఘం జాబితాలో పేరుండటమే ఆ మనిషి విశ్వాసాన్ని చెబుతుంది. అలాంటి జాబితాను మనం ఎక్సెల్ షీటుగా వాట్సాప్‌లో తిప్పుతున్నాం. పోయిన ఏడాది పిక్నిక్ బస్సు కోసం అందరి సీపీఆర్ కార్డుల ఫోటోలు ఒకే గ్రూపులో పెట్టించాం. బస్సు ఎక్కడానికి సీపీఆర్ ఎందుకో ఇప్పటికీ మాకు గుర్తు రావడం లేదు.

అందుకని కార్యవర్గం కొన్ని పనులు మొదలుపెట్టింది. పాత షీట్లు మా ఫోన్లలోంచి తీసేశాం. మీ ఫోన్లలో ఉన్నవీ తీసెయ్యమని కోరుతున్నాం. కొత్త సభ్యత్వ ఫారంలో సీపీఆర్ కాపీ అడగడం లేదు. గోత్రం, నక్షత్రం అర్చన రోజున పూజారి గారికి నోటితో చెబితే చాలు. అన్నదానం చందా ఇచ్చినవాళ్ల పేర్లు వాళ్లు సరేనంటేనే బోర్డు మీద రాస్తాం. ఇది చాదస్తం అన్నవాళ్లూ మా కమిటీలో ఉన్నారు, పేర్లు బోర్డు మీద లేకపోతే చందాలు తగ్గుతాయన్నారు. తగ్గితే తగ్గనివ్వండి, చూద్దాం.

మీ వరకు వస్తే, ఇంటికెళ్లాక ఫోన్ సెట్టింగ్స్‌లో పర్మిషన్లు అనే చోటు తెరిచి, కాంటాక్ట్స్, మైక్, లొకేషన్, మెసేజ్‌లు ఏయే యాప్‌లు చూస్తున్నాయో ఒకసారి చూడండి. అద్దాలు పెట్టుకుని చూడండి. పాటల యాప్‌కు మీ మెసేజ్‌లతో పని లేదు. మెసేజ్‌లు చదవగలిగిన యాప్ మీ బ్యాంకు ఓటీపీ కూడా చదువుతుంది, అందుకే దాని విషయంలో గట్టిగా ఉండండి. వాట్సాప్‌లో పెళ్లి పత్రిక అనో, ట్రాఫిక్ చలానా అనో చివర్లో ఏపీకే అని ఉన్న ఫైలు వస్తే, పంపింది సొంత అన్నయ్య నంబరైనా తెరవకండి. అన్నయ్య ఫోన్ అప్పటికే వాళ్ల చేతిలోకి వెళ్లి ఉండొచ్చు. బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేసి స్క్రీన్ చూపించే యాప్ ఏదో వేసుకోమన్నా, ఓటీపీ అడిగినా, నమస్కారం పెట్టి ఫోన్ కట్ చేయండి. కెమెరా మీద టేపు అంటించి, ఫోన్‌లో అడిగిన అపరిచితుడికి ఓటీపీ చెప్పేవాళ్లు మనలో ఉన్నారు. భయపడాల్సిన చోట భయం లేదు మనకు. గుడి బయట చెప్పులు ఎక్కడ విడిచామో లోపల ప్రదక్షిణ చేస్తూ కూడా గుర్తుపెట్టుకునే మనం, ఫోన్ ఎవరికి ఏమిస్తోందో మాత్రం చూసుకోం.

మోసం జరిగితే ఇక్కడ సైబర్ నేరాల విభాగం నంబరు 992. ఇండియాలో ఇంటివాళ్లకు 1930. సిగ్గుపడి ఆలస్యం చేస్తే డబ్బు చేతులు మారిపోతుంది. ముందు బ్యాంకుకు, వెంటనే ఈ నంబర్లకు, తర్వాత కావాలంటే మాకు. మాకు చెప్పినా గ్రూపులో పెట్టం. ఇది ఇప్పుడు రాసుకున్న నియమం.

ఇక ఆ తమ్ముడి సంగతి. మొన్న మాలో ఇద్దరం సల్మాబాద్ క్యాంపుకు వెళ్లి కలిశాం. క్షమించమని అడిగాం. అతను టీ పోసిచ్చాడు. ఆ లోన్ కట్టేశామనీ, ఆ తర్వాత కూడా కొన్ని నెలలు ఫోన్లు వచ్చాయనీ, భార్య సిమ్ మార్చేసిందనీ చెప్పాడు. ఆమె ఇప్పటికీ ఊళ్లో పెళ్లిళ్లకు వెళ్లడం లేదట. ఈ రోజు సభలో ఈ విషయం చెప్పుకోవచ్చా అని అడిగితే కాసేపు ఆలోచించి, పేరు లేకుండా చెప్పండి అన్నాడు. సభకు రమ్మన్నాం. శుక్రవారం ఓవర్‌టైం ఉంది, వీలైతే వస్తానన్నాడు.